ఉప్పునీటిపై మూడు రాత్రులు

ఓడప్రయాణములను గూర్చి వ్రాయువారు గాలిని, అలలను, సూర్యోదయమును మిక్కిలిగా వర్ణింతురు. ఆ ఓడలో తడిబట్ట లెక్కడ ఆరవేసిరో, పసిబిడ్డ పావడ నే నీటితో జాడించిరో చెప్పినవారు మాత్రము అరుదు. ఈ పత్రికను చదువు సోదరీమణులకు మొదట తోచు ప్రశ్నలు అవియే గదా! కావున ఇంగ్లాండు దేశపు దక్షిణతీరమున నొక చిన్న తెరచాప పడవలో మేము గడపిన మూడు దినముల వృత్తాంతమును ఆ దృష్టితోనే వ్రాయుచున్నాము.

మా మరిది సౌతాంప్టను నగరమున ఉద్యోగి. 2024వ సంవత్సరము మే నెలలో మావారి పాఠశాలకు వేసవి సెలవులు కాగా, అతడు టిక్కెట్లు పంపి మా దంపతులను రప్పించెను. అతనికి ముప్పదియడుగుల పడవ యొకటి కలదు. జూలై, ఆగస్టు నెలలను భార్యాబిడ్డలతో నీటిమీదనే గడపవలెనని అతని కోరిక. ఆ కోరికలో మా తోడికోడలికి సగపాలు కలదు. తక్కిన సగము భయము. ఆ భయమునకు హేతువు లేకపోలేదు. 2023 వేసవిలో నిట్లే పడవలో నున్నప్పుడు వారి పాపకు నడుముచుట్టును, మోకాళ్ల వెనుకను చర్మము కంది పొక్కులు లేచినవట. ఎన్ని లేపనములు పూసినను తగ్గలేదు. తుదకు వైద్యుడు చూచి, బట్టలలో నిలిచిన ఉప్పు ఒరసికొనుటచే అట్లయినదని చెప్పెను.

"అక్కయ్యా! ఈ మూడు రాత్రులును మాకు పరీక్ష. పాప ఒంటిమీద ఒక్క పొక్కు కనబడినను పడవను అమ్మివేయుటయే. అందుకు మీ మరిదిగారును ఒప్పుకొన్నారు" అని మా తోడికోడలు ముందుగనే మాతో చెప్పెను.

సౌతాంప్టను నుండి బ్రోకెన్‌హర్‌స్టు వరకు పెద్ద రైలులోను, అచ్చటినుండి లిమింగ్టనునకు చిన్న శాఖబండిలోను పోయితిమి. నడుమ న్యూ ఫారెస్టు అను అడవి తగులును. పేరునకు క్రొత్త యడవియే గాని, విలియము రాజు దానిని తన వేటకై ప్రత్యేకించి తొమ్మిదివందల యేండ్లు దాటినది. పొట్టిగుఱ్ఱములు రైలుకట్ట దాపున యథేచ్ఛగా మేయుచుండుట కిటికీనుండియే చూచితిమి.

లిమింగ్టను ఒక చిన్న రేవుపట్టణము. నేడచ్చట విహారపు పడవల కొయ్యలు అడవివలె కనబడును గాని, పూర్వ మా యూరి సంపద ఉప్పు. నదీముఖమున కిరుగుపొరుగు బురదనేలలలో ఉప్పుమళ్లు కట్టి, సముద్రపునీటిని ఎండకు కొంత చిక్కబఱచి, గాలిమరలతో తోడి, లోహపు పెనములలో పోసి, బొగ్గుమంటపై కాచి ఉప్పు వండెడివారు. గనియుప్పు చౌకగా వచ్చుచుండుటచే ఆ వృత్తి క్షీణించి 1865లో ముగిసినది. మన శ్రీకాకుళము జిల్లాలోని నౌపడలో ఉప్పును సూర్యుడే వండును, మంటతో పనిలేదు. లిమింగ్టనులో సూర్యుడు సగము వండి చేతులు దులుపుకొనును. ఉప్పునకే చాలని యెండ తడిబట్టలకు చాలునా యని మాకు ఆ మళ్ల గుర్తులను చూచినప్పుడే సంశయము కలిగినది.

ఇక పడవను గూర్చి చెప్పెదము. పడవ వెనుకభాగమున, చుక్కాని పట్టువారు కూర్చుండుటకై తొట్టివలె పల్లముగా నొక చోటుండును. ఇరుప్రక్కల బల్లలు, నడుమ కాళ్లు పెట్టుకొను పల్లము, అడుగున నీరు పోవుటకు తూములు. దీనిని ఆంగ్లేయులు కాక్‌పిట్టు అందురు. కోడిపందెపు గుంట అని ఆ మాటకు మొదటి యర్థము. గోదావరి మండలమువారికి బరి యనిన వేఱుగ చెప్పనక్కఱలేదు. పడవ నడచునంతసేపు అందఱును ఆ బరిలోనే యుందురు. లోపలి గది నిదురకు, వంటకు మాత్రమే చాలును.

ఈ బరికి కప్పులు రెండు. ముందువైపున ఇనుపకమ్మీలపై సాగి ముడుచుకొను గొడుగువంటి కప్పు ఒకటి. అలలు ఎగజిమ్ము తుంపరలను అది యాపును. దానికి పారదర్శకమగు ప్లాస్టిక్ కిటికీలు కుట్టియుందురు. రెండవది గుడారము. లంగరు వేసిన పిదప, తెరచాప అడుగున నుండు అడ్డకొయ్యమీదుగా దీనిని పఱచి, ఇరువైపుల త్రాళ్లతో కట్టి, జిప్పులు బిగింతురు. పడవ నడచునప్పుడు గుడారము ఉండరాదు. గాలి దానిని పట్టి పడవను తన యిచ్చవచ్చినట్లు త్రోయును. తెరచాప దించినపుడు గుడారము లేచును. గుడారము దించినపుడు తెరచాప లేచును. ఒకటి ప్రయాణమునకు, రెండవది కాపురమునకు.

పూర్వము ఈ కప్పులను మందపు నూలుగుడ్డతో కుట్టెడివారు. నూలుగుడ్డ తడిసినపుడు దారము ఉబ్బి సందులు మూసికొనును. కావున వాననీరు లోనికి దిగదు. గాని తడిగా మడచి పెట్టినచో బూజుపట్టి చివికిపోవును. అట్టి చివుకు పట్టకుండుటకై ఇంగ్లాండు బెస్తలు తమ తెరచాపలను కాచులో ముంచి వండెడివారు. మనము తాంబూలమున వేసికొను కాచే! చండ్రచెట్టు చేవనుండి తీసిన ఆ సరకు మన దేశమునుండియు బర్మానుండియు ఓడలలో పోయి, ఆ తెరచాపలకు ఎఱ్ఱమట్టి రంగు నిచ్చెడిది. ఈ కాలపు కప్పులు ఆక్రిలిక్ దారముతో నేసినవి. వీనికి దారము తీయుటకు ముందే రంగు కలుపుదురు గావున ఎండకు త్వరగా వెలవవు, చివుకవు. ఐనను మురికి నిలిచినచో దానిపై బూజు పట్టును.

బయలుదేరుటకు ముందుదినము రేవుకట్టపై, నీటిగొట్టము దగ్గఱ, మా తోడికోడలును మేమును కలిసి రెండు కప్పులను ఉతికితిమి. ఉతికితిమను మాటయే గాని అచ్చట బండలేదు, బాదుటయు లేదు. మొదట పొడిగా నున్నప్పుడే దుమ్ము దులిపితిమి. తరువాత మంచినీటితో ఉప్పంతయు పోవునట్లు తడిపి, గోరువెచ్చని నీటిలో కలిపిన సాధారణపు సబ్బుతో మెత్తని కుంచెవేసి రుద్దితిమి. బట్టలుతుకు పొడి వాడరాదు. నీరు నిలువకుండ గుడ్డకు పట్టించిన పూత దానితో పోవును. మఱుగునీరును తగదు. సబ్బు ఏమాత్రము మిగిలినను గుడ్డ నీటిని పీల్చును గావున నురుగు కనబడనంతవఱకు జాడింపవలెను. బూజుమచ్చలకు పలుచని చలువసున్నపునీరు పెట్టవచ్చును గాని, అది కుట్టుదారమును, కిటికీ ప్లాస్టికును చెఱచును. కావున వెంటనే కడిగివేయవలెను. ఎండకు గుడ్డకంటె కుట్టే ముందు పోవును. కుట్లను వ్రేలితో లాగిచూచి, వదులైనచోట మరల కుట్టితిమి.

కిటికీలను పొడిగుడ్డతో తుడువరాదు. వానిపై ఎండిన ఉప్పు గాజుపొడివలె గీతలు పెట్టును. నీరు పోసి ఉప్పు కరిగిన పిదపనే మెత్తని గుడ్డతో అద్దవలెను. మేము మా పెట్టెలో నున్న పాత నేతచీర చెఱగును చింపి యిచ్చితిమి. "కొన్న గుడ్డలేవియు దీనికి సాటిరావు అక్కయ్యా" అని ఆమె దానిని పదిలముగ దాచుకొనెను. జిప్పులను మంచినీట కడిగి, మైనపువత్తి రాచితిమి. పిదప కప్పులను గాలికి వ్రేలాడదీసి, సంపూర్ణముగ నారినపిమ్మటనే మడచితిమి.

మఱునాడు ఉదయము లిమింగ్టను నది దాటి సోలెంటు అను జలసంధిలో ప్రవేశించితిమి. ఎదుట వైటు ద్వీపము. పడమట నెనిమిదవ హెన్రీ రాజు కట్టించిన హర్‌స్టు కోట. ఆ కోటవద్ద సంధి సన్ననగుటచే ఆటుపోట్ల ప్రవాహము మిక్కిలి వడి. గాలి యెదురై తుంపరలు పడసాగెను. ముందుకప్పు వెనుక పాపను కూర్చుండబెట్టుకొంటిమి. మగవారిరువురును తడిసిరి, పాప మోకాళ్లపై మాత్రము కొంత నీరు పడినది. ఆ నీటిచుక్కలను తల్లి చూచిన చూపు మేము మఱువలేము.

మధ్యాహ్నమునకు ద్వీపముననున్న న్యూటౌను అను ఏటికయ్యలో లంగరు వేసితిమి. చుట్టును ఉప్పుగడ్డి మేటలు, బురదపై నీటిపక్షులు. పేరు క్రొత్తపట్టణమే గాని యిదియును పాతదే. 1256లో వెలసిన ఆ పట్టణము క్రమముగ క్షీణించెను. 1699లో కట్టిన పురమందిరము నేటికిని కలదు. పురము మాత్రము లేదు. ఐనను 1832 వఱకు ఆ యూరివారు పార్లమెంటునకు ఇరువురు సభ్యులను పంపుచుండిరట. ఇచ్చటను పూర్వము ఉప్పుమళ్లే.

గుడారము కట్టినంతనే బరి గదియైనది. తడిచొక్కాలు బరిలోనే విప్పించి, ఉప్పుబట్ట యేదియు లోపలిగదికి పోరాదని మా తోడికోడలు శాసించెను. ఇందులకు కారణము వినుడు. మన వంటయింట వానకాలమున ఉప్పుజాడి చెమర్చుట చూచుచున్నాము గదా! సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము లుండును. అందు మెగ్నీషియము లవణములు వంటయుప్పుకంటె త్వరగా గాలిలోని తేమను లాగును. సముద్రపునీట తడిసిన గుడ్డను ఎంతసేపు ఆరవేసినను రాత్రికి మరల చెమర్చును. అట్టి గుడ్డ పఱుపును తాకినచో పఱుపు తడియును. ఒంటిని తాకినచో చర్మ మొరయును. పైగా మన సబ్బు సముద్రజలమున నురుగీయదు. జిగటగా విఱిగి గుడ్డకే పట్టుకొనును. ద్రవరూపమున దొఱకు క్రొత్తరకపు సబ్బులు నురుగిచ్చును గాని ఉప్పును తీయజాలవు. ఉప్పునకు సబ్బు మందు కాదు; మంచినీరే మందు.

ఆ మంచినీటి లెక్క యిది. తొట్టి పట్టునది 120 లీటర్లు. పెద్దలము నలుగురము, పాప. త్రాగుటకును వంటకును దినమునకు 15 లీటర్లు. గిన్నెలకు, మొగము కడుగుకొనుటకు 10 లీటర్లు. మూడు దినములకు 75. ఆపద కని ముట్టక యుంచవలసినది 15. బట్టలకు మిగిలినది 30 లీటర్లు. చుట్టును కనుచూపుమేర నీరున్నను, మన యింటి యొక్క స్నానమునకు వాడు నీటితో అయిదుగురి బట్టలు శుభ్రము కావలెను.

రెండవనాటి ఉదయము మూడు బాల్చీలలో నాఱేసి లీటర్లు పట్టితిమి. ఒకదానిలో సబ్బు, తక్కిన రెండును జాడింపునకు. పాప బట్టలు మొదట, మావి పిదప, మగవారి మేజోళ్లు తుదకు. పాప బట్టలు సబ్బునుండి మొదటి జాడింపునకు, అందుండి రెండవ జాడింపునకు పోయినవి. మా వంతు వచ్చుసరికి మొదటి జాడింపునీటిని సబ్బుబాల్చీలో కలిపి, రెండవదానిని మొదటిదిగా జేసి, క్రొత్తగ ఆఱు లీటర్లు మాత్రము పట్టితిమి. ఇట్లు 24 లీటర్లతో పని ముగిసినది. జాడించిన గుడ్డ కొనను నాలుకకు తగిలించి చూచుట మా తోడికోడలి పరీక్ష. ఉప్పన తగిలినచో మరల జాడింపవలసినదే. న్యూటౌను జాతీయ ప్రకృతి రక్షితస్థలము గావున సబ్బునీటిని ఆ కయ్యలో పారబోయక, మూతగల డబ్బాలో పోసి రేవునకు కొనిపోయితిమి.

పడవచుట్టునుండు తీగలకు బట్టల నారవేసితిమి. క్లిప్పులను నమ్మరాదు, చొక్కాచేతిలోనుండి తీగను దూర్చి కట్టినచో గాలి యెత్తుకొనిపోజాలదు. మే నెలాఖరున నచ్చట సూర్యాస్తమయము రాత్రి తొమ్మిది గంటలకు. ఎండ యున్నదిగదా యని ఉపేక్షించినచో మంచు దిగును. సాయంకాలమునకే బట్టలు తీసి గుడారమున వ్రేలగట్టితిమి. గుడారమున కిరుకొనలను జానెడేసి సందు విడువవలెను; లేనియెడల మన ఊపిరియే పైన చేరి చుక్కలుగా రాలును. ఆ సందునకు మఱియొక ప్రయోజనమును కలదు. కప్పు పూర్తిగ మూసి లోపల పొయ్యిగాని, కుంపటిగాని వెలిగించినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు చేరును. దానికి రంగులేదు, వాసనలేదు. చలికి తాళలేక అట్లు చేసి పడవలలో ప్రాణములు కోల్పోయినవారు కలరు. ఆ వాయువును కనిపెట్టి మ్రోగు చిన్న యంత్రమును మా మరిది గదిలో నమర్చియున్నాడు. ఐనను బరిలో వంట కూడదని మా తోడికోడలి నియమము.

ఆ రాత్రి మాటలలో తారిణి ప్రస్తావన వచ్చెను. మన నౌకాదళపు స్త్రీ లార్గురు 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేరి, యేబదియైదడుగుల ఆ తెరచాప పడవలో భూమిని చుట్టి, 2018 మే నెలలో మరలివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతిగారును, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యగారును తెలుగు ఆడుబిడ్డలు. మొత్తము 254 దినములు! మేము మూడు రాత్రులకే బాల్చీలు లెక్కించుచున్నాము గదా యని నవ్వుకొంటిమి. గాని వారి పడవలోను తడిబట్ట ఆరవలసినదే, నీరు కొలువవలసినదే. ఓడనడపుటలో నదియు నొక భాగమని ఆ నవ్వులోనే తోచినది.

అర్ధరాత్రమున వాన ప్రారంభమయ్యెను. మా తోడికోడలు లేచి, గుడారము నడుమ కొంచెము పల్లమగునట్లు త్రాటిని వదులుచేసి, ఆ పల్లము క్రింద బాల్చీ పెట్టెను. మొదటి నీటిని పారబోసి, మరల పట్టి రుచిచూచెను. ఉప్పులేదు. చదరపు మీటరుపై ఒక్క మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరు. ఆ గుడారము నాలుగు చదరపు మీటర్లు గావున అయిదు మిల్లీమీటర్ల వానకు ఇరువది లీటర్లు రావలెను. పొరలిపోయినది పోగా మాకు పదునాలుగు దక్కినవి. రేవుకట్టపై నాడు మేము పడిన శ్రమకు ఫలము ఇదియే. కప్పు మురికిగ నున్నచో ఆ నీరు దేనికిని కొఱగాకపోవును. ఆ నీటితో ఉదయము పాప బట్టలను మరియొకసారి జాడించితిమి.

మూడవ రాత్రి గడచినది. నాలుగవనాటి యుదయము గుడారపు జిప్పు తీసి, వెలుతురున పాపను నిలువబెట్టి, తల్లి నడుమును, మోకాళ్ల వెనుకను తడవి తడవి చూచెను. మా మరిది తెరచాప త్రాళ్లు సవరించుచున్నట్లు నటించుచు నిలిచియుండెను. చర్మము నున్నగ నున్నది. ఆమె యేమియు ననలేదు. గాలి, ఆటుపోట్లు వ్రాయు పడవ దినచర్య పుస్తకమును తెప్పించి, తేదీక్రింద తన చేవ్రాలుతో మూడు పంక్తులు వ్రాసెను: పాప బట్టలకు సముద్రపునీరు తగులనీయరాదు; దినమున కింత నీరు బట్టలకు; కప్పులు నెలకొకసారి ఉతుకవలెను. భర్త దానిని చదివి, క్రింద తానును వ్రాలుచేసెను.

ఈ సంగతులు పడవలు గలవారికే గాని మనకేల యని చదువరు లనుకొనవచ్చును. భీమిలిలోను, కాకినాడలోను, మచిలీపట్టణమునను సముద్రపుగాలి తగులు ఇండ్లు వేలకొలది కలవు. వసారాకు కట్టిన కాన్వాసు తెరలు, బండ్లమీది కప్పులు, డాబాపై ఆరవేసిన పసిబిడ్డల గుడ్డలు ఆ గాలికి చెమర్చుచునే యుండును. తెరలను బాదక మంచినీట కడుగుడు, తడిగ మడవకుడు, పసిబట్టలను మంచు పడకమునుపే తీయుడు. వానినీళ్లు పట్టదలచినవారు ముందుగ కప్పును శుభ్రపఱచుకొనుడు.

ఆ వేసవిలో వారు నలుబదిరెండు రాత్రులు పడవలో గడపిరనియు, పాప కుశలమనియు సెప్టెంబరులో జాబు వచ్చినది. కిటికీల నద్దుటకు మెత్తబడిన పాత నేతచీరలు రెండు పంపుమని మా తోడికోడలు అందు కోరెను. పొందూరు చీరలు రెండు, పదేండ్లు కట్టి చలువచేసినవి, మడచి పంపితిమి.